దిగకుండానే తెరుచుకునే పొలం గేటు

పొలంలోకి వెళ్ళే దారిలో మీరు రోజుకు ఎన్నిసార్లు గేటు తీసి వేస్తున్నారో ఎప్పుడైనా లెక్కించారా? ట్రాక్టరు ఆపి, దిగి, గడియ తీసి, తలుపు నెట్టి, తిరిగి ఎక్కి, బండిని లోపలికి నడిపి, మళ్ళీ దిగి, తలుపు మూసి, మళ్ళీ ఎక్కవలసి ఉంటుంది. అంటే ఒక్క ప్రయాణానికి రెండుసార్లు దిగి రెండుసార్లు ఎక్కాలి. ఎరువు తోలే రోజుల్లో, కోతల్లో, ఇది ఇరవై ముప్పై సార్లు జరుగుతుంది. విసుగెత్తిన మనిషి ఏమి చేస్తాడో మీకు తెలియనిది కాదు. సాయంత్రం వరకు గేటు తెరిచే వదిలేస్తాడు. ఆ సందులో నాలుగు గేదెలు దూరితే వేరుశనగ మడి ఏమవుతుందో, ఆ తరువాత బందెలదొడ్డి దాకా, పెద్దమనుషుల దాకా తగవు ఎలా పోతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

పంట నష్టం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. గేటు దగ్గర దిగే మనిషి చాలాసార్లు ఇంజను ఆపడు. హ్యాండ్ బ్రేకు సరిగా పట్టదు, లేదా వేయడం మరచిపోతాడు. మడ్‌గార్డు మీద పిల్లవాడు కూర్చుని ఉంటాడు. పొలాల గట్ల దగ్గర దారి సాధారణంగా కాస్త వాలుగానే ఉంటుంది. వెనుక నిండు ట్రక్కు, ముందు వాలు, ఆ వాలులో గేటు తీస్తూ నిలబడి ఉన్న మనిషి. ఈ మూడూ ఒకచోట చేరితే ఏమి జరగగలదో ఊహించుకోండి. గేటు తీయడానికి దిగవలసిన అవసరమే లేకుండా చేసుకోగలిగితే ఈ ప్రమాదం చాలా మేరకు తప్పుతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికాలోని రైతులు గుర్రపుబండి దిగకుండానే తాడు లాగి తెరిచే గేట్లను విరివిగా వాడారు. వాటిపై అక్కడ పేటెంట్లు కూడా అనేకం మంజూరయ్యాయి. ఇంగ్లండులో గుర్రపు రౌతులు జీనుపై నుండే అందుకుని తీయగలిగేటట్లు పొడవైన పిడిగల గడియలు అమర్చేవారు. మోటారు వాహనాలు వచ్చిన తరువాత టెక్సాస్‌లో బండి బంపరుతో నెమ్మదిగా నెడితే తిరిగే గేట్లు వచ్చాయి. ఇంకా కొన్ని దేశాల్లో గేటే లేకుండా, దారికి అడ్డంగా గుంట తీసి దానిపై ఇనుప గొట్టాలను ఎడంగా పరుస్తారు. చక్రం దాటుతుంది, పశువు దాటదు. ఈ చివరి పద్ధతి మనకు పనికిరాదు. మన దారుల్లో ఎద్దులబండ్లు కూడా నడవాలి కదా! ఎద్దు కాలు గొట్టాల మధ్య ఇరుక్కుంటే అది జీవితాంతం కుంటుతుంది. ఇక మిగిలింది మీట గేటు.

తలుపు తనంతట తాను ఎందుకు తిరుగుతుంది?

మీ ఇంట్లో ఏదో ఒక తలుపు ఎంత తెరిచి పెట్టినా తిరిగి మూసుకుపోతూ ఉండవచ్చు. లేదా ఎంత మూసినా తెరుచుకుంటూ ఉండవచ్చు. ద్వారబంధం నిలువుగా లేకపోవడమే దానికి కారణం. బందులు బిగించిన కమ్మీ ఎటు వాలి ఉంటే తలుపు అటే పోయి ఆగుతుంది. తన బరువు అన్నిటికంటే కిందికి దిగే చోటు అదే గనుక. ఇంట్లో ఇది లోపం. పొలం గేటుకు ఇదే ప్రాణం. తలుపును నెట్టనక్కరలేదు. దాని వాలును మార్చితే చాలు, తలుపే నడిచి వెళ్తుంది.

మీట గేటులో కింది బందు కదలదు. అది స్తంభానికి బిగించిన గిన్నెలో కూర్చున్న మేకు. పై బందు మాత్రం రెండు అంగుళాల పొడవుగల ఒక చిన్న ఇనుప చేయి చివర ఉంటుంది. ఆ చేయి స్తంభం పొడవునా పైకి పోయే ఒక నిలువు కడ్డీకి అతికి ఉంటుంది. కడ్డీ సరిగ్గా కింది మేకుకు నిట్టనిలువుగా పైన ఉండాలి. చేయి దారికి అడ్డంగా చూస్తున్నప్పుడు తలుపు దారికి అడ్డంగా, అంటే మూసి, నిలుస్తుంది. కడ్డీని పావు చుట్టు తిప్పితే చేయి దారి వెంబడి తిరుగుతుంది, తలుపు దాని వెంటే వెళ్తుంది. కడ్డీని తిప్పేది దాని పై చివర, పది అడుగుల ఎత్తున, తలుపుకు ఎదురు దిక్కుగా పొడుచుకుని ఉండే మీట. ఎదురు దిక్కుగా ఉండడంలో ఒక సుగుణం ఉంది. మీరు మీటను మీ వైపుకు లాగితే తలుపు మీ నుండి అవతలికి పోతుంది. అటునుండి వచ్చేవారు లాగినా అంతే. తలుపు ఎప్పుడూ ట్రాక్టరు ముక్కు మీదికి రాదు.

కొలతలు చూద్దాం. 12 అడుగుల వెడల్పు, బందుల మధ్య 4 అడుగుల ఎత్తు, 50 కిలోల బరువు గల గొట్టపు తలుపును తీసుకోండి. దాని బరువు నడిమధ్యన, అంటే స్తంభానికి 6 అడుగుల దూరాన ఉన్నట్లు లెక్క. 50ని 6తో హెచ్చించి 4తో భాగిస్తే 75. పై బందును తలుపు 75 కిలోల బలంతో లాగుతుందన్నమాట. చేయి 2 అంగుళాలు, మీట 18 అంగుళాలు అయితే మీకు 9 రెట్ల లాభం. కనుక తాడు మీద పడే బలం ఎనిమిది కిలోలకు కొంచెం ఎక్కువ. రాపిడి కలిపి పది అనుకోండి. బావిలో నుండి ఒక చేద నీళ్ళు తోడినంత శ్రమ. లాగవలసిన పొడవు 28 అంగుళాలు, సుమారు ఒకటిన్నర మూర. ఏతం తొక్కిన తాతలకు ఈ లెక్క చెప్పనక్కరలేదు. పొడుగు వైపు తేలిక, పొట్టి వైపు బలం అన్నది వారికి కాళ్ళలోనే ఉండేది.

ఒక సంగతి మాత్రం వెల్డింగు షాపువారికి తప్పక చెప్పండి. మీట తిన్నటి కడ్డీగా ఉంటే, అది తాడు వైపుకు తిరిగిపోయిన కొద్దీ లాగే బలం చచ్చిపోతుంది. అందువలన మీట చివర విల్లులా వంచిన పట్టీని అతికించి, దాని గాడిలో తాడు నడిచేటట్లు చేయాలి. అప్పుడు మొదటి అంగుళం నుండి చివరి అంగుళం వరకు బలం ఒకేలా పనిచేస్తుంది.

గడియ సంగతి. కడ్డీ నుండి ఒక సన్నని తీగ తలుపు పై గొట్టం వెంబడి గడియ దాకా పోతుంది. తాడు లాగగానే కడ్డీ ముందు తిరుగుతుంది, తలుపు ఇంకా కదలదు. ఆ తేడాలో తీగ బిగిసి గడియ ఎత్తుకుంటుంది. తలుపు తిరిగి చేయితో సమానంగా వచ్చేసరికి తీగ వదులై గడియ పడుతుంది. తెరిచిన చోట కూడా ఒక కుదురు రాయి పాతి గడియకు గాడి పెడితే తలుపు అక్కడా పట్టుకుని నిలుస్తుంది. మూసేటప్పుడు మళ్ళీ అదే వరుస. తీగ బిగువుకు మీట వెనక్కి రాకుండా మధ్యన, కుడిన, ఎడమన మూడు చోట్ల అది పడి నిలిచే గాళ్ళు అవసరం.

రేకు వద్దు

తలుపుకు రేకు కొట్టించమని కొందరు పట్టుబడతారు. చూపుకు బాగుంటుందని, లోపలి పంట కనబడదని. మీట గేటుకు మాత్రం రేకు పనికిరాదు. రెండు అంగుళాల వాలు మీద నడిచే 50 కిలోల తలుపును కదిలించే బలం దాని కొసన సుమారు ఒక కిలో మాత్రమే. గంటకు 20 కిలోమీటర్ల మామూలు గాలి 12 అడుగుల రేకు తలుపును కొసన దాదాపు ఐదు కిలోల బలంతో నెట్టగలదు. ఇక గెలిచేది గాలే. గొట్టాలు, వాటి మధ్య ఎడంగా తీగలు, ఇవి చాలు. మేకలు దూరకుండా కింది రెండడుగులు దగ్గరగా అల్లించండి.

తలుపు కంటే స్తంభం ముఖ్యం. చాలామంది తలుపుకు డబ్బు పెట్టి స్తంభం దగ్గర పొదుపు చేస్తారు. 75 కిలోల లాగుడును పగలు రాత్రి భరించవలసినది అదే. నాలుగడుగుల లోతున కాంక్రీటులో నిలపాలి. తలుపు వైపుకు ఒరగకుండా నేలలో అడ్డుగా ఒక దిమ్మ కూడా వేయాలి. నల్లరేగడి నేలల్లో మరింత జాగ్రత్త అవసరం. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, స్తంభాన్ని తనతో పాటు ఊపుతుంది. మన గేటు నడిచేదే రెండు అంగుళాల వాలు మీద. స్తంభం ఒక అంగుళం పక్కకు ఒరిగితే అందులో సగం పోయినట్లే. మే నెలలో చక్కగా నడిచిన గేటు ఆగస్టులో మొరాయించడానికి కారణం ఇదే గాని, అమర్చినవాని చేతి తప్పు కాదు. గుంతను వెడల్పుగా తీసి, స్తంభం చుట్టూ రేగడి మట్టి బదులు మొరం దట్టించండి. కింది మేకు గిన్నెను నట్లతో అటూ ఇటూ జరపడానికి వీలుగా పెట్టించుకోండి. వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి మేస్త్రీ గుండు వేలాడదీసి సరిచూసుకుంటే సరిపోతుంది.

తాళ్ళు వేలాడే స్తంభాలను ఎంత దూరాన పాతాలన్నది రెండవ చిక్కు. గేటుకు దగ్గరగా పాతడమే అందరూ చేసే పొరపాటు. లోపలికి వెళ్ళిన తరువాత మీరు తాడు లాగి మూసేటప్పుడు ట్రక్కు తోక తలుపు తిరిగే మేర దాటి ఉండాలి. తలుపు 12 అడుగులు. డ్రైవరు సీటు నుండి ట్రక్కు చివర వరకు 18 అడుగులు అనుకుంటే మొత్తం 30. కాబట్టి రెండు వైపులా 30 నుండి 35 అడుగుల దూరాన స్తంభాలు ఉండాలి. మీ ట్రక్కు పొడవు కొలుచుకుని ఈ లెక్క మీరే వేసుకోండి. తాడును మోసే కొయ్యను స్తంభం నుండి దారి మీదికి కొద్దిగానే చాచండి. వరిగడ్డి వేసిన ట్రక్కు దారి నిండా వస్తుందని మరువకండి. వంగి లేచే వెదురు బొంగయితే గడ్డి తగిలినా విరగదు.

లాగేటప్పుడు బండి ఆగి, న్యూట్రల్‌లో, కాలు బ్రేకు మీద ఉండాలి. నడుస్తున్న బండి నుండి లాగరాదు. తాడు చివర కర్ర పిడి గాని ముడి గాని ఉండవచ్చు, ఉచ్చు మాత్రం ఉండకూడదు. అందులో మణికట్టు చిక్కుకుంటే బండి ఆగేలోగా మనిషి కిందపడతాడు. నైలాను తాడు ఎండకు పెళుసుబారుతుంది. గిలకల మీద నడిచే భాగానికి ఇనుప తీగల తాడు, చేతికి అందే భాగానికి మాత్రం నూలు తాడు మంచివి. కోతులున్న ఊళ్ళలో తాడును పనివేళల్లోనే వేలాడదీసి, మిగతా వేళ మీటకు తాళం వేసుకోవడం మేలు. అవి లాగడం నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. (పిల్లల సంగతీ అంతే.)

ఇంత ఖర్చు వద్దనుకునేవారికి ఏతం గేటు ఉంది. రైల్వే గేటులా ఒక్కటే అడ్డకర్ర. దారివైపు 12 అడుగులు, వెనుకవైపు 3 అడుగులు, వెనుక కొసన రాళ్ళ బుట్ట. దారివైపు గొట్టం బరువు 15 కిలోలయితే సుమారు 30 కిలోల రాళ్ళు దానిని తూచుతాయి. ఒకటి రెండు కిలోలు తక్కువ వేస్తే తాడు వదలగానే తానే దిగుతుంది. బండ్లను, పెద్ద పశువులను ఆపడానికి ఇది చాలు. దూడలు, మేకలు కింద నుండి దూరతాయి.

ఋణం కోరేవారికి, అమ్మేవారికి

ఒక్క గేటు కొరకు విడిగా ఋణం కోరడం కంటే తోట అభివృద్ధి, కంచె, పశువుల పాక వంటి పనుల అంచనాలో దానిని ఒక పద్దుగా చేర్చి దరఖాస్తు ఇవ్వడం సులువు. తాకట్టు లేని వ్యవసాయ ఋణాల పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయలకు పెంచింది. చిన్న కమతాలవారి కంచె, గేటు పనులు చాలావరకు ఈ పరిమితిలో ఇమిడిపోతాయి. దరఖాస్తుతో పాటు కొలతలు వేసిన గీతపటం, ఇద్దరి కొటేషన్లు ఉంటే బ్యాంకు అధికారి పరిశీలన త్వరగా ముగుస్తుంది.

గేటు పెట్టే చోటు మీ పట్టాలోనిదేనా అని ముందే చూసుకోండి. డొంకకు గాని, పుంతకు గాని, పది కమతాలవారు నడిచే బండ్ల బాటకు గాని అడ్డంగా గేటు పెడితే ఎంత తేలికగా తెరుచుకున్నా అది తగవే అవుతుంది. అందుకు బ్యాంకు ఋణం ఇవ్వదు. అట్లాగే కంచెకు, గేటుకు కరెంటు లైను నుండి నేరుగా తీగ తగిలించడం చట్టరీత్యా నేరం. చచ్చేది అడవిపంది కాదు, చాలాసార్లు మనిషి.

డీలరు సోదరులకు ఒక మాట. ఈ గేటు దుకాణంలో నిలబెట్టి చూపితే అమ్ముడుపోవచ్చు గాని, నడిచేది మాత్రం పొలంలో సరిగా నిలిపినప్పుడే. కనుక సరుకు ధర, స్తంభం పాతే కూలి, అమర్చే ఖర్చు బిల్లులో విడివిడిగా చూపండి. మొదటి వానాకాలం ముగిసేవరకు వాలు సరిచేసే బాధ్యత మీదేనని రాసి ఇవ్వండి. కొనేవారు ఖాళీ ట్రాక్టరుతో ఒకసారి, నిండు ట్రక్కుతో ఒకసారి, రెండు వైపుల నుండి తాడు లాగి చూడండి. గాలి వీచే సాయంత్రం ఇంకొకసారి చూసి, ఆ తరువాతే సొమ్ము చెల్లించవచ్చునని బ్యాంకుకు సంతకం చేసి ఇవ్వండి.