మానని నోటిపుండు – పొరను నేయించే పి63

నోరు పూయడం మన ఇళ్ళలో ఒక జబ్బుగా లెక్కకు రాదు. ఎండలు ముదిరినా, ఉగ్గానితో నాలుగు మిరపకాయ బజ్జీలు ఎక్కువ తిన్నా, రెండు రాత్రులు నిద్ర చెడినా బుగ్గ లోపల, నాలుక అంచున చిన్న పుండ్లు లేస్తాయి. జాజి ఆకులు నమిలి ఉమియడం, చల్లార్చిన త్రిఫలా కషాయాన్ని పుక్కిట పట్టడం, కాచును తేనెతో రంగరించి పూయడం, పడుకునే ముందు నేతిబొట్టు అద్దుకోవడం – ఇవన్నీ ఇటువంటి పుండ్లకు చాలిన చికిత్సలే. ఆదోనిలో నా వద్దకు వచ్చేవారికి నేనూ ఇవే చెబుతాను. అయితే చెప్పేముందు ఒక ప్రశ్న అడుగుతాను: “ఎన్ని దినాలయింది?” సమాధానం రెండు వారాలు దాటితే ఇక మందు చెప్పను, పరీక్షకు పంపుతాను. ఈ రెండు వారాల గడువు ఎక్కడిదో పాఠకులకు వివరించడానికే ఈ వ్యాసం.

కాగుతున్న పాలపై మీగడ కట్టినట్లు గర్భంలో చర్మం ఏర్పడుతుందని సుశ్రుతుడు శారీరస్థానంలో చెప్పాడు. ఏడు పొరలను లెక్కించి, వాటిలో ఆరవదానికి ‘రోహిణి’ అని పేరు పెట్టి, గ్రంథులకు, అర్బుదాలకు అదే స్థానమన్నాడు. ఆధునిక విజ్ఞానమంతా సుశ్రుతునికి ముందే తెలుసునని వాదించే అలవాటు నాకు లేదు. అయినప్పటికీ కంతులకు మూలం పైపైన కాక లోపలి పొరలో వెదకాలన్న ఆయన దృష్టికి నమస్కరించకుండా ఉండలేను.

నోటి లోపలి పొర, చర్మం పైపొర నిజంగా అట్టడుగున ఉన్న ఒకే ఒక వరుస కణాలనుండి పుడతాయి. ఆ తల్లి కణాలు విభజన చెందుతూ ఉంటాయి. పిల్ల కణాలు పైకి జరుగుతూ, చదునై, చివరకు పొట్టుగా రాలిపోతాయి. చర్మం కొత్తదగుటకు సుమారు నెల పడుతుంది. నోటిలో ఈ పని అంతకంటె వేగంగా, రెండు వారాలలోపే పూర్తి అవుతుంది. కనుక మామూలు పుండు ఆ వ్యవధిలో పూడుకొనవలె. పూడలేదంటే అడుగు వరుసలోనే ఏదో తప్పు జరుగుతూ ఉండవచ్చు. పైన పూసిన తేనె అక్కడికి చేరదు.

ఆ అడుగు వరుసకు పెత్తనం వహించేది పి63 అనే ప్రోటీను. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఎమ్మిగనూరు వారికి దీనిని మగ్గం భాషలో చెప్పడం తేలిక. జకార్డు మగ్గంపైన చిల్లుల అట్టలు వేలాడుతూ ఉంటాయి. నూలు అదే, నేతగాడూ అతడే. ఏ పోగు లేవాలో, ఏది అణగాలో ఆ చిల్లులే నిర్ణయిస్తాయి. మన ప్రతి కణంలోను జన్యువులన్నీ ఉన్నా, కంటిలో కొన్ని, కాలేయంలో కొన్ని మాత్రమే పనిచేస్తాయి. పి63 వంటి ప్రోటీనులు జన్యుపదార్థంపై నిర్ణీత స్థలాలలో కూర్చుండి కొన్ని జన్యువులను లేపుతాయి, కొన్నింటిని అణచుతాయి. తల్లి కణాలలో పి63 నిండుగా ఉండి, వాటికి గట్టిదనమిచ్చే కెరటిన్లను, ఒకదానినొకటి పట్టుకొని ఉండే బిగువును, మళ్ళీ మళ్ళీ విభజించే శక్తిని నిలుపుతుంది. కణం పైకి జరిగేకొద్దీ అది తగ్గిపోతుంది.

ఇది లేకపోతే ఏమవుతుందో 1999లో తెలిసింది. అమెరికాలో రెండు పరిశోధక బృందాలు వేరువేరుగా పి63 లేని ఎలుకలను పుట్టించాయి. వాటికి సరియైన చర్మం లేదు, కాళ్ళు పూర్తిగా ఏర్పడలేదు, పళ్ళు, స్తనగ్రంథులు రాలేదు. ఒంటిలోని తేమ ఆవిరైపోయి పుట్టిన కొద్దిసేపటికే మరణించాయి. ఆ ఏడాదే మనుషులలోను ఒక సంగతి బయటపడింది. చేతులు, పాదాలు మధ్యకు చీలి, పెదవి లేక అంగిలి చీలి పుట్టే ఒక అరుదైన వ్యాధికి ఈ జన్యువులోని మార్పే కారణమని కనుగొన్నారు. మన వైపు ఇటువంటి బిడ్డను చూసి ‘గ్రహణం మొర్రి’ అంటారు. గ్రహణం నాడు కత్తిపీట ముట్టినదని తల్లిని జీవితమంతా దెప్పుతారు. మొర్రి అన్నింటికీ పి63 కారణం కాదు. కాని గ్రహణం మాత్రం ఏ ఒక్కదానికీ కారణం కాదు.

ఇక క్యాన్సర్ సంగతి. పి63కు పి53 అనే ప్రఖ్యాత బంధువు ఉన్నది. 1979లో కనుగొన్న ఆ ప్రోటీను కాపలాదారు వంటిది. జన్యుపదార్థం దెబ్బతిన్న కణాన్ని ఆపుతుంది, అవసరమైతే చంపుతుంది. పొగాకులోని విషాలు తగిలి తగిలి నోటి క్యాన్సర్లలో చాలావరకు ఈ కాపలాదారు చెడిపోయి ఉంటాడు. మరోవైపు పి63కు ఒక పొట్టి రూపం ఉన్నది. అడుగు కణాలను విభజనలోనే ఉంచేది ముఖ్యంగా అదే. అనేక పొలుసుకణ క్యాన్సర్లలో ఆ జన్యువు ప్రతులు పెరిగి, ప్రోటీను అతిగా తయారవుతుంది. పిల్ల కణం పైకి పోయి రాలిపోవలసింది పోయి, తల్లి వలెనే విభజిస్తూ ఉండిపోతుంది. అట్ట మారని మగ్గంపై ఆగని నేత అన్నమాట.

మనదేశంలో ఏటా 1,40,000కు పైగా కొత్త నోటి క్యాన్సర్లు బయటపడుతున్నట్లు 2022 అంచనా. మగవారిలో అన్ని క్యాన్సర్లకంటె ఇదే ఎక్కువ. ఆదోని పత్తి మార్కెట్టులో మూటలు మోసే హమాలీలను, రాత్రి బండ్లు నడిపే డ్రైవర్లను అడగండి. ఆకలిని, నిద్రను ఆపడానికి బుగ్గన పొట్లం పెట్టుకొంటామని దాచకుండా చెబుతారు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల తరువాత రాష్ట్రాలు గుట్కాను నిషేధిస్తే, వక్కపొడి ఒక పొట్లంలో, పొగాకు వేరొక పొట్లంలో రాసాగింది. “నేను పొగాకు వేయను, వక్క మాత్రమే” అనేవారికి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2003లోనే పొగాకు లేని వక్కను కూడ క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. మన గ్రంథాలు తాంబూలాన్ని మెచ్చుకొన్నవి నిజమే. భోజనానంతరం వేసుకొనే ఒక విడియానికి, దినమంతా బుగ్గన నానే పొట్లానికి పోలిక లేదు.

వక్క వలన బుగ్గలు లోపల నారకట్టి బిగుసుకొంటాయి. మొదటి సూచన కారం తట్టుకోలేకపోవడం. నిన్నటివరకు బజ్జీ ఇష్టంగా తిన్నవాడు ఉత్త ఉగ్గానికే నోరు మండుతున్నదంటాడు. మూడు వేళ్ళు నిలువుగా నోటిలో పట్టకపోతే తప్పక చూపించుకోవాలి. ఉమ్మితో తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రని మచ్చ, అంచు గట్టిపడిన పుండు, మెడలో గడ్డ ఇవీ అంతే. “సామీ, నొప్పి లేదు కదా, ఇంక నాలుగు దినాలు చూస్తా” అంటారు చాలామంది. తొలిదశలో ఈ పుండుకు నొప్పి ఉండకపోవడమే దాని మోసం. పసుపు క్యాన్సర్‌ను పోగొడుతుందని విన్నామంటారు మరికొందరు. ప్రయోగశాల గిన్నెలో కణాలపై కనబడిన ఫలితం రోగి నోటిలో నయమైనట్లు కాదు.

పరీక్షకు మొదట ఊరిలోని ప్రభుత్వ ఆసుపత్రికి, అక్కడివారు చెబితే కర్నూలు సర్వజన ఆసుపత్రికి వెళ్ళాలి. ఆదోని నుండి సుమారు వంద కిలోమీటర్లు, కూలి పోతుంది, తోడు కావాలి. అందుకే వాయిదా వేస్తారు. చికిత్స ఖర్చుకు, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం ఉన్నది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం వదలండి. మత్తు సూది వేసి గోరంత ముక్క తీస్తారు.

నివేదికలో ‘పి63 పాజిటివ్’ అని కనబడితే ఆ ఒక్క మాటకే గుండె జారనివ్వవద్దు. ఆరోగ్యవంతుని నోటి అడుగు వరుసలోను పి63 ఉంటుంది. కణాలు ఏ జాతివో గుర్తించడానికే ఆ రంగు వేస్తారు. ప్రోస్టేటు ముక్కలో అయితే గ్రంథుల చుట్టూ అది కనబడకపోవడమే అనుమానానికి కారణం. నివేదిక చదవవలసింది వైద్యుడు. అది వచ్చేవరకు పొట్లం ముట్టవద్దు, కారం తగ్గించండి, మజ్జిగన్నం తినండి. ముక్క తీసినచోట గాయం మానడానికి ఆ వైద్యుని అడిగి త్రిఫలా కషాయం పుక్కిట పట్టవచ్చు.