చీటీ అడగని గోలీ

2024 మార్చిలో అమెరికా మందుల షాపుల్లోకి ఒక గోలీ వచ్చింది తల్లీ. పేరు ఓపిల్. రోజుకొకటి వేసుకునే గర్భనిరోధక మాత్ర. డాక్టర్ చీటీ అక్కర్లేదు, వయసు అడగరు, అరలోంచి తీసుకుని డబ్బు కట్టి వెళ్లిపోవచ్చు. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2023 జులై 13న అనుమతి ఇస్తే, సరుకు షాపు చేరేసరికి ఎనిమిది నెలలైంది. 1960లో ప్రపంచంలోనే మొదటిసారి ఇలాంటి మాత్రకు గర్భనిరోధకంగా అనుమతి ఇచ్చింది కూడా ఆ దేశమే. అంటే ఆ చీటీ వదిలించుకోవడానికి వాళ్లకు అరవై మూడేళ్లు పట్టిందన్నమాట.

మన భద్రాచలం ఏజెన్సీలో చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లలో ఆశా వర్కర్ భుజాన సంచి ఉంటుంది చూడు, అందులో ఈ గోలీల అట్టలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2011లో కేంద్రం ఒక పథకం పెట్టింది. ఆశా వర్కర్ ఇంటికే తెచ్చి ఇస్తుంది. నెలకు సరిపడే గోలీల అట్టకు ఒక రూపాయి, మూడు నిరోధ్‌ల ప్యాకెట్‌కు ఒక రూపాయి, అత్యవసర మాత్రకు రెండు రూపాయలు తీసుకోవచ్చు. దానికీ ముందు 1987 నుంచి మాలా-డి తక్కువ ధరకు షాపుల్లో దొరుకుతోంది. సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇచ్చేది మాలా-ఎన్. రెండింట్లో ఉన్న మందు ఒకటే, అట్ట మీద పేరే వేరు.

నువ్వు ఫార్మసీ చదువుతున్నావు గనక అడిగావు: హార్మోన్ మందులన్నీ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో ఉంటాయి కదా తాతయ్యా, మరి ఇవి చీటీ లేకుండా ఎలా ఇస్తారని. మంచి ప్రశ్న. మన ఔషధ నియమాల్లో షెడ్యూల్ కె అని మినహాయింపుల పట్టిక ఒకటుంది. లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర, సెంట్‌క్రోమాన్ 30 మిల్లీగ్రాముల మాత్ర, ఇంకా అలాంటివి కొన్ని ఆ పట్టికలో ఉన్నాయి. మందును ముందు గదిలో బంధించి, ఫలానా మోతాదు అయితే వెనక గుమ్మంలోంచి పొమ్మన్నారు. మన చట్టాలు ఇలాగే నడుస్తాయి, ఆశ్చర్యపోకు.

సరే, ఆ గోలీ పుట్టుక చెప్తాను. అది నీకు మీ కాలేజీలో ఇలా చెప్పరు.

వానలు మొదలై ఇంట్లో గింజలు నిండుకునే రోజుల్లో మన కోయవాళ్లూ కొండరెడ్లూ అడవిలో గడ్డలు తవ్వుకుంటారు. పెండలం జాతివి. కొన్ని అలాగే ఉడకబెట్టుకుని తినొచ్చు. కొన్ని చేదు, విషం. వాటిని చెక్కలుగా కోసి, బుట్టలో పెట్టి, పారే వాగులో నానేసి, చేదు పోయాకే వండుతారు. పాపికొండల రెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో పుస్తకం వేశాడు. గునపపు కర్రతో గడ్డలు తవ్వుకునే ఆ బతుకును ఆయన దగ్గరుండి చూసి రాశాడు. ఇప్పుడు ఆ జాతి శాస్త్రీయ నామం గుర్తుపెట్టుకో, డయాస్కోరియా. దీని చుట్టాలు మెక్సికోలోనూ ఉన్నాయి. అక్కడ బర్బాస్కో అనే గడ్డను దంచి నీళ్లలో కలిపి చేపలను మత్తెక్కించి పట్టేవాళ్లు. దానిలో ఉండేది సపోనిన్, అంటే కుంకుడుకాయలో నురగ తెప్పించే జాతి పదార్థం.

రసెల్ మార్కర్ అని ఒక అమెరికా రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. మొండి మనిషి. ఆ రోజుల్లో ప్రొజెస్టిరాన్ హార్మోన్ కావాలంటే జంతువుల అవయవాల నుంచి చుక్కలు చుక్కలుగా తీయాలి, బంగారం కన్నా ఖరీదు. ఈ జాతి గడ్డల్లోని సపోనిన్ నుంచి వచ్చే డయాస్‌జెనిన్ అనే పదార్థానికీ ప్రొజెస్టిరాన్‌కూ కట్టడం ఒకటేననీ, పక్కన వేలాడే ముక్కను కత్తిరిస్తే హార్మోన్ చేతికొస్తుందనీ ఆయన కనిపెట్టాడు. 1942లో మెక్సికో వెళ్లి పెద్ద గడ్డ వెతికి తెచ్చుకున్నాడు. మందుల కంపెనీలను అడిగితే, మెక్సికోలో రసాయన పరిశ్రమా అని పెదవి విరిచాయి. వాళ్లు వద్దంటే తనే చేశాడు: కిలోల లెక్కన ప్రొజెస్టిరాన్! 1944లో అక్కడే సింటెక్స్ కంపెనీ పుట్టింది. ఏడాది తిరిగేసరికి భాగస్వాములతో పోట్లాడి బయటికొచ్చాడు, అది వేరే కథ.

ప్రొజెస్టిరాన్‌తో ఒక చిక్కు ఉంది. మింగితే కాలేయం దాన్ని దారిలోనే విరిచేస్తుంది. మింగినా నిలబడే రూపం కావాలి. 1951 అక్టోబరులో అదే సింటెక్స్‌లో కార్ల్ జెరాసీ బృందంలో పనిచేసే లూయిస్ మిరామాంటెస్ అనే కుర్రాడు నోరెథిస్టిరాన్ తయారుచేశాడు. చదువు ఇంకా పూర్తికాని మెక్సికో కుర్రాడు, చూసుకో.

నిజం చెప్పాలంటే ఇప్పుడు మాలా-ఎన్‌లో ఉండే లెవోనార్జెస్ట్రెల్ గడ్డలోంచి రాదు. ఫ్యాక్టరీలో మొదటి ఇటుక నుంచీ కట్టిందే. కానీ గడ్డలకు ఆ రోజుల్లో వచ్చిన గిరాకీ మన హిమాలయాల దాకా పాకింది. అక్కడి డయాస్కోరియా డెల్టాయిడియాను ఎంతగా తవ్వేశారంటే, ఇప్పుడు దాని అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతులు కావాలి. ఇంకో మాట. గడ్డ తింటే గర్భం ఆగుతుందని ఎవరైనా చెప్తే నమ్మకు. డయాస్‌జెనిన్‌ను హార్మోన్‌గా మార్చే శక్తి మన ఒంటికి లేదు. ఆ పని గాజు పాత్రల్లోనే జరుగుతుంది.

గోలీ లోపలికెళ్లి ఏం చేస్తుంది? మెదడు అడుగున పీయూష గ్రంథి ఉంటుంది. ఒంట్లో హార్మోన్ తగ్గితే అది అండాశయానికి కబురు పంపి అండాన్ని పండించి విడుదల చేయిస్తుంది. మడి నిండా నీళ్లు కనిపిస్తే నీరటి తూము తీయడు కదా, అంతే. రోజూ గోలీతో హార్మోన్ అందుతుంటే పీయూష గ్రంథి కబురు పంపదు, అండం విడుదల కాదు. దానితోపాటు గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురు చిక్కబడి వీర్యకణాలకు దారి మూసుకుంటుంది. మాలా-ఎన్ అట్టలో 28 గోలీలుంటే హార్మోన్ ఉండేది 21లోనే. మిగతా ఏడూ ఇనుము గోలీలు. రోజుకొకటి వేసుకునే అలవాటు తప్పకుండా పెట్టినవవి. రక్తం తక్కువైన మన ఆడవాళ్లకు ఆ కాస్త ఇనుమూ వృథా పోదు.

ఇక అసలు సంగతికి వద్దాం. అమెరికా చీటీ తీసేసిన ఓపిల్‌లో ఈస్ట్రోజెన్ హార్మోన్ లేదు, ప్రొజెస్టిరాన్ తరహా ప్రొజెస్టిన్ ఒక్కటే. మన మాలా-డిలో రెండూ ఉన్నాయి. రక్తం గడ్డకట్టే ముప్పు, బీపీ పెరిగే ముప్పు ఎక్కువగా ఈస్ట్రోజెన్‌తోనే వస్తాయి. వాళ్లు జాగ్రత్తగా చిన్న తలుపు తీశారు, మనం ఎప్పుడో పెద్ద తలుపు తీసి ఊరుకున్నాం. తీయడం తప్పని నేననను. ఈ గోలీ ఇవ్వడానికి లోపలి పరీక్షలేవీ అక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు, ఒక బీపీ మిషన్ చాలు. ఆ నాలుగు ప్రశ్నల కోసం అడవి గూడెం నుంచి ఒక తల్లిని కూలి మానుకుని భద్రాచలం రమ్మంటే ఆవిడ రాదు, మళ్లీ కడుపుతోనే వస్తుంది. చీటీ పోవాల్సిందే. చీటీతోపాటు ప్రశ్నలు కూడా పోయాయి, అక్కడే నా గొడవ.

ఏమిటా ప్రశ్నలు? వయసు ముప్పై అయిదు దాటిందా, చుట్టో బీడీయో తాగుతావా? మన ఏజెన్సీలో ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు, చుట్ట తాగే ఆడవాళ్లు మనకు కొత్తా? బిడ్డకు పాలిస్తున్నావా? కాన్పై ఆరు వారాలు కాకముందు ఈ కలిపిన గోలీ అసలు వద్దు. పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా వేరే మార్గమే మేలు. బీపీ ఉందా, పచ్చకామెర్లు ఉన్నాయా, కాలి పిక్కలో రక్తం గడ్డకట్టిందా, కళ్ల ముందు మెరుపులు మెరిసి తలనొప్పి వస్తుందా? టీబీ మందులు వాడుతున్నావా? ఆ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ ఈ గోలీని ఒంట్లో త్వరగా కరిగించేస్తుంది, వేసుకున్నా వేసుకోనట్టే. కొన్ని మూర్ఛ మందులదీ ఇదే తంతు. రేపు కౌంటర్ వెనక నిలబడేది నువ్వే. అట్ట చేతికిచ్చే ముందు ఇవి అడుగు. సిగ్గుపడుతుంటే పక్కకు పిలిచి అడుగు.

ఈస్ట్రోజెన్ పడనివాళ్లకు మన దేశపు గోలీ ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో నిత్యానంద్ బృందం కనిపెట్టిన సెంట్‌క్రోమాన్ అది. 1991లో సహేలీ పేరుతో వచ్చింది, తర్వాత ప్రభుత్వ కార్యక్రమంలోకి ఛాయా పేరుతో చేరింది. హార్మోన్ కాదు, పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒక్కటే. నన్నడిగితే మన గూడేలకు ఇదే సరైన లెక్క. గోడకు క్యాలెండర్ లేని ఇంట్లో కూడా వారపు సంత ఏ రోజో అందరికీ తెలుసు. సంత రోజు గోలీ రోజు. నెలసరి కాస్త ఆలస్యమవుతుందని ముందే చెప్పాలి, లేకపోతే భయపడి మానేస్తారు. ఈమధ్య కామెర్లు వచ్చినవాళ్లకు, అండాశయంలో నీటిబుడగలున్నవాళ్లకు ఇవ్వకూడదు.

ఇంత మందు చేతిలో ఉన్నా మనవాళ్లు వాడరు. తెలంగాణలో పెళ్లైన ఆడవాళ్లలో పదిమందికి ఆరుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. గోలీలు వాడేవాళ్లు నామమాత్రం. ఇద్దరు పిల్లలు పుట్టగానే క్యాంపు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్ చేస్తే నలుగురు చనిపోయారు. అంతకు ముందు 2014లో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గరా ఇలాగే ప్రాణాలు పోయాయి. ఆ ప్రాంతంలోనే ఇంకో విడ్డూరం: అబూజ్‌మడియా, బైగా లాంటి తెగలు తగ్గిపోతున్నాయని 1979లో వాళ్లకు ఆపరేషన్ చేయకూడదని ఉత్తర్వు ఇచ్చారు. బైగా ఆడవాళ్లు కోర్టుకెళ్తే 2018లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఒకచోట లైన్లో పడుకోబెట్టి కోస్తారు, ఇంకోచోట అడిగినా కోయరు. ఆవిణ్ణి అడిగినవాడెవడు?

అత్యవసర మాత్ర సంగతి త్వరగా చెప్పేస్తాను. 2005 నుంచి దానికీ చీటీ లేదు, ఐ-పిల్ 2007లో వచ్చింది. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, 72 గంటల లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. అండం విడుదలను వెనక్కి నెడుతుంది, అంతే. నిలిచిన గర్భాన్ని ఏమీ చేయదు. గర్భం తీసే మాత్రలు వేరే, మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్. అవి డాక్టర్ చూడకుండా ఇవ్వకూడదు. షాపులో "కడుపు పోయే గోలీ ఇయ్యి" అని అడిగితే అత్యవసర మాత్రనూ వీటినీ కలగాపులగం చేసి ఇచ్చేవాళ్లున్నారు. రక్తం పోతుంటే మధ్యరాత్రి అడవిలోంచి జీపు ఎక్కడ దొరుకుతుంది?

ఆ అడవిలోనే గుత్తికోయలున్నారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ గొడవలకు భయపడి ఇటు వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్లు. ఇక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, తెలుగు అంతంత మాత్రం. వాళ్ల దగ్గరికి వెళ్లేది కోయ మాట్లాడే ఆశా వర్కరో, నర్సమ్మో. అట్ట మీద రాతలు వాళ్లకెందుకూ పనికిరావు. బాణం గుర్తు ఎటు తిరిగిందో, ఇనుము గోలీల రంగు ఏమిటో వేలితో చూపించాలి.

వానాకాలంలో వాగులు పొంగితే ఆ ఆశా వర్కర్ కూడా వెళ్లలేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. ఎన్ని ఊళ్లు తెగిపోయాయో నువ్వూ చూశావు. ఇక్కడ ఒక చిన్న శాస్త్రం ఉంది, చాలామంది పట్టించుకోరు. అట్ట మధ్యలో ఒక గోలీ మరిస్తే గుర్తురాగానే వేసుకుని, ఆ రోజుదీ వేసుకుంటే సరిపోతుంది. వరసగా రెండు మరిస్తే గోలీలు కొనసాగిస్తూ ఏడు రోజులు నిరోధ్ వాడాలి. అన్నిటికన్నా పెద్ద ముప్పు మధ్యలో కాదు, కొత్త అట్ట ఆలస్యమైతే. ఇనుము గోలీల ఏడు రోజుల్లో పీయూష గ్రంథి అప్పటికే మేలుకుని అండాన్ని పండించడం మొదలుపెడుతుంది. ఎనిమిదో రోజు హార్మోన్ గోలీ పడితే మళ్లీ ఆగుతుంది. పడకపోతే పని సాగిపోతుంది. వరదొస్తే ఆలస్యమయ్యేది సరిగ్గా ఆ కొత్త అట్టే. మాత్రలు పడుతున్న మనిషికి ఒకేసారి ఏడాదికి సరిపడా ఇచ్చినా తప్పులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఏడాదివి కాకపోయినా, మృగశిర కార్తె రాగానే ఒక్కో ఇంట్లో మూడు అట్టలు ఎక్కువ ఇచ్చి ఉంచితే, వాగు దిగేదాకా సరిపోతాయి.