ఆకలికి ఊరూ పేరూ ఉంటాయి

నార్వే రచయిత క్నూట్ హామ్సన్ 1890లో ప్రచురించిన ‘ఆకలి’ నవలలో కథానాయకుడికి పేరు లేదు. నాటి క్రిస్టియానియా, అంటే నేటి ఓస్లో నగర వీధుల్లో తిరిగే యువ రచయిత అతడు. రాసిన వ్యాసం పత్రికలో అచ్చయితే ఆ పూటకు తిండి, లేకుంటే పస్తు. వెయిస్ట్‌కోటు తాకట్టుపెట్టి, వచ్చిన డబ్బులో కొంత బిచ్చగాడికి దానం చేస్తాడు. కుక్క కోసమని అబద్ధమాడి మాంసం కొట్టులో ఎముక అడుగుతాడు. కడుపు మాడేకొద్దీ మతి చలిస్తుంది. అభిమానం మాత్రం చావదు.

నిలువ నీడలేని ఒక రాత్రి అతడు పోలీసు ఠాణాకు వెళ్లి, దొంగపేరు చెప్పి, పాత్రికేయుణ్ణని నమ్మిస్తాడు. పెద్దమనిషి గనుక ప్రత్యేక గది దొరుకుతుంది. ఆ చీకట్లో ఏ భాషలోనూ లేని ఒక మాటను సృష్టించి, దాని అర్థమేమిటని తనతో తానే వాదించుకుంటాడు. తెల్లవారాక నిరాశ్రయులకు భోజనం టికెట్లు పంచుతారు. పెద్దమనిషికి మాత్రం టికెట్ ఉండదు.

మన విశ్వవిద్యాలయాల్లో ఈ నవలను ఆధునిక మానవుడి ఒంటరితనానికి సార్వజనీన రూపంగా చదువుతాం. ఆ ‘మానవుడు’ ఎవరన్న ప్రశ్న వేయం.

దీని పక్కన అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ పెట్టి చూడాలి. 1917లో ఆయన కొలంబియా, లండన్‌లలో చదివి, బరోడా సంస్థానంలో కొలువుకు వచ్చారు. చదువుంది, ఉద్యోగముంది, తలదాచుకునే గది లేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి ఖాళీ చేయమంది. ఆశ్రయమివ్వడానికి హిందూ మిత్రుడూ, క్రైస్తవ మిత్రుడూ వెనుకాడారు. సాయంత్రం దాకా ఉద్యానవనంలో కూర్చుని, ఆయన రాత్రి రైల్లో బొంబాయికి వెళ్లిపోయారు.

ఇద్దరూ మారుపేరు చెప్పినవారే. ఒకడు గౌరవం కాపాడుకోవడానికి చెప్పాడు. నిజం చెప్పి ఉంటే అతడికి భోజనం దొరికేది. మరొకరు పైకప్పు కోసం చెప్పారు. నిజం బయటపడగానే నగరమే పోయింది. పేదవాడు పేదరికాన్ని దాచుకోవడం వేరు, పుట్టుకను దాచుకోక తప్పకపోవడం వేరు. పేరు లేకుండా వీధుల్లో తిరగగలగడం కూడా ఒక సౌకర్యమే. మన నగరాల్లో అద్దె గది వెతుక్కునే దళిత విద్యార్థికి అది నేటికీ అందలేదు. అద్దె ఎంతో చెప్పేలోపే ఇంటిపేరు అడుగుతారు.

ఆకలి దానంతటదే మనిషికి న్యాయదృష్టినివ్వదు. పస్తుల బాధను స్వయంగా అనుభవించి రాసిన హామ్సన్, 1920లో నోబెల్ అందుకున్న హామ్సన్, 1943లో ఆ పతకాన్ని గోబెల్స్‌కు కానుకగా పంపాడు. 1945లో హిట్లర్‌ను కీర్తిస్తూ నివాళి రాశాడు. పుట్టుకను బట్టి మనుషులను చంపిన రాజ్యం ఆయన కంటికి ఆనలేదు.

అందుకని ‘ఆకలి’ని పక్కన పెట్టనక్కరలేదు. ఆకలి మెదడును ఎలా తొలుస్తుందో అంత నిక్కచ్చిగా చూపిన నవలలు అరుదు. కానీ పస్తుకు ప్రపంచమంతటా ఒకే ముఖముంటుందని మాత్రం నమ్మవద్దు. కడుపు కాలడం అందరికీ ఒకటే కావచ్చు; తలుపు తట్టినప్పుడు లోపలినుంచి వచ్చే ప్రశ్న ఒకటి కాదు.