చప్పట్లు అయ్యాక బస్సెక్కాలి కదా

విజయనగరం మ్యూజిక్ కాలేజీ పేరు మనలో చాలామందికి ఘంటసాల గారి వల్లే తెలుసు, ఆయన అక్కడే నేర్చుకున్నారు కాబట్టి. కానీ అది ఎందుకు మొదలైందో చదివితే ఆశ్చర్యం వేసింది. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారికి చూపులేని కొడుకు ఉండేవాడు. అతనికి సంగీతమంటే ఇష్టం. అతని కోసమే మహారాజా విజయరామ గజపతి గారు 1919లో ఈ కాలేజీ పెట్టారని చెబుతారు.

అదే ఏడాది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు స్టూడెంట్‌గా చేరదామని అక్కడికి వెళ్ళారు. చూపు సరిగా లేక ఆయన స్కూలు చదువు మధ్యలోనే ఆగిపోయింది. వయొలిన్ అన్నయ్య దగ్గర నేర్చుకున్నారు. ఆయన వాయిస్తుంటే విన్నవాళ్ళు స్టూడెంట్‌గా కాదు, మాస్టారుగానే పెట్టుకున్నారు. అప్పటికి ఆయన వయసు 26. 1936లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

ఇందులో నాకు నచ్చింది "గొప్ప కళాకారుడు" అనే ముక్క కాదు, జీతం ముక్క. చూపు తక్కువున్న ఒక మనిషి తన విద్యతో ఉద్యోగం చేసి ఇల్లు నడిపాడు.

ఇండిపెండెంట్ లివింగ్ అంటే అన్నీ ఒక్కడే చేసుకోవడం అనుకుంటాం. కాదు. 1972లో అమెరికాలోని బర్క్‌లీలో ఎడ్ రాబర్ట్స్, ఆయన ఫ్రెండ్స్ ఇలాంటి మొదటి సెంటర్ పెట్టారు. పోలియో వల్ల ఆయన మెడ కింది భాగం దాదాపు కదిలేది కాదు. పక్కన సాయానికి మనిషి ఉండొచ్చు, కానీ ఏం చేయాలో, ఎక్కడికి పోవాలో నిర్ణయం మాత్రం తనదే ఉండాలన్నది వాళ్ళ మాట.

మరి పాట, ఆట, నాటకం దీనికి ఎలా పనికొస్తాయి? "కాన్ఫిడెన్స్ వస్తుంది" అని వదిలేస్తే సరిపోదు. కర్ణాటక సంగీతం గురువు పాడితే విని తిరిగి పాడే చదువు. పుస్తకం చూడలేని పిల్లాడికి అక్కడ మొదటి రోజు నుంచే వెనకబాటు ఉండదు. డాన్స్ బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం నేర్పుతుంది. యాక్సిడెంట్‌లో కాలు పోయిన సుధా చంద్రన్ జైపూర్ ఫుట్‌తో మళ్ళీ భరతనాట్యం చేసింది, 1985లో 'మయూరి' సినిమాలో తన పాత్ర తనే వేసింది. స్టేజీ మీద పనికొచ్చే ఆ బ్యాలెన్సే బస్సు మెట్ల మీదా పనికొస్తుంది.

నాటకం అన్నిటికంటే ప్రాక్టికల్ అని నా అభిప్రాయం. మాది మరిపెడ. మా బస్టాండ్‌లో ఖమ్మం బస్సేదో, వరంగల్ బస్సేదో కనుక్కోవాలి, కండక్టర్‌కి ఊరు చెప్పాలి, చిల్లర లెక్క చూసుకోవాలి. బుద్ధిమాంద్యం ఉన్న ఇరవై ఏళ్ళ అబ్బాయికి ఇది పెద్ద పరీక్ష. నిజం బస్సు వాడి కోసం ఆగదు. రిహార్సల్‌లో అదే సీను పదిసార్లు వేయొచ్చు, తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్ ఎన్విరాన్‌మెంట్. తన వంతు వచ్చేదాకా ఆగడం, పక్కవాడు డైలాగ్ మర్చిపోతే అందుకోవడం కూడా అక్కడే అలవాటవుతాయి.

అందుకే డిసెంబర్ 3న ఒక్క పాట పాడించి, శాలువా కప్పి పంపడం నాకు నచ్చదు. ఆ ఒక్క పాటకు ముందు, తర్వాత ఏముంది? 2016 చట్టం వైకల్యం ఉన్నవాళ్ళకు గవర్నమెంట్ ఉద్యోగాల్లో 4 శాతం, పై చదువుల్లో 5 శాతం సీట్లు ఇచ్చింది. కళల్లో పాల్గొనే హక్కు కూడా అందులో రాసి ఉంది. మన రాష్ట్రంలో పింఛను 2023లో 4,016 రూపాయలు అయింది. కానీ మరిపెడ పిల్ల సంగీతం నేర్చుకోవాలంటే వరంగల్ విద్యారణ్య కళాశాల దాకా రావాలి. రోజూ ఎవరు తీసుకొస్తారు అనే ప్రశ్న దగ్గరే ఇంట్లో మాట ఆగిపోతుంది.

ఇక మన సంగతి. మన డ్రామా టీం రిహార్సల్స్ రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. వీల్‌చెయిర్‌లో వచ్చే జూనియర్ ఆడిషన్‌కి పేరు కూడా ఇవ్వడు, ఎందుకివ్వాలి? గ్రౌండ్ ఫ్లోర్ సెమినార్ హాల్ సాయంత్రం ఐదు తర్వాత ఖాళీగానే ఉంటుంది. అది అడుగుతూ లెటర్ రాశాను, క్లబ్ రూమ్ టేబుల్ మీద పెట్టాను. సంతకాలు శుక్రవారం దాకా తీసుకుంటా.