మందు లేకుండా మొండి కలుపును వదిలించుకోవడం ఎలా?

మన హాస్టల్లో చదువుకున్నవారిలో చాలామంది తల్లులు కలుపు తీతకు కూలికి వెళ్ళేవారే. పొద్దంతా నడుము వంచి తీసినా పదిరోజులు తిరక్కుండానే చేను మళ్ళీ పచ్చబడుతుంది. అప్పుడు కలుపుమందు తెప్పిస్తారు. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా ఆ స్ప్రేయర్ వీపున మోసేది కూడా మనవాళ్ళే. అందుకే ఈ సంగతి మనందరం తెలుసుకోదగినదని మేము అనుకుంటున్నాం.

మొండి కలుపుకు బలం ఎక్కడుందో తెలుసుకుంటే సగం పని అయినట్లే. రెండు కలుపు మొక్కలను చూద్దాం.

మొదటిది తుంగ. దీని బలం గడ్డలో ఉంది. పీకితే పైపోచ తెగి వస్తుంది, గడ్డ నేలలోనే ఉండిపోతుంది. ఒక గడ్డ నుంచి సన్నని తీగ సాగి మరో గడ్డ కడుతుంది, దాన్నుంచి ఇంకొకటి. ఇలా గొలుసులా పెరుగుతాయి. ఎక్కువ గడ్డలు జానెడు లోతులోపే ఉంటాయి. తడి నేలలో దున్నితే ఆ గొలుసు తెగి, విడిపోయిన గడ్డలు వేటికవే మొలుస్తాయి. అంటే మన దుక్కే తుంగను పెంచుతుందన్నమాట! కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి ఉన్నప్పుడు లోతుగా దున్ని, గడ్డలను పైకి తెచ్చి ఎండనివ్వాలి. వానల తర్వాత మొలిచిన పోచలను రెండు వారాలకోసారి పారతో గాని, గుంటకతో గాని తీసేయాలి. మొలిచిన ప్రతిసారీ గడ్డలో దాచుకున్న ఆహారం ఖర్చవుతుంది. కొత్త గడ్డలు కట్టకముందే తీయడం ముఖ్యం. తుంగ నీడకు తట్టుకోలేదు. జనుము, అలసంద వంటివి ఒత్తుగా చల్లితే కింద నీరసిస్తుంది. ఇదంతా ఒక్క ఏడాదిలో అయ్యేది కాదు, రెండు మూడేళ్ళు ఓపిక పట్టాలి.

రెండవది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1950లలో పూణే దగ్గర గుర్తించారు. దీనికి గడ్డ లేదు, బలమంతా విత్తనంలోనే. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. మొలిచిన నెల, నెలన్నరకే పూస్తుంది. కనుక పూతకు ముందే, వాన పడి నేల మెత్తబడినప్పుడు వేళ్ళతో సహా పీకాలి. తాకితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి, పుప్పొడితో ఆయాసం కూడా రావచ్చు. చేతులకు తొడుగులో, పాలిథిన్ కవర్లో తప్పక వేసుకోవాలి. పూయని మొక్కలను పేడతో కలిపి గుంటలో వేస్తే మంచి ఎరువవుతుంది. పూసినవి మాత్రం వేయకూడదు. పీకిన ఖాళీ జాగాలో తగిరిస విత్తనాలు చల్లితే అది పెరిగి దీన్ని అణచిపెడుతుంది. ఈ మొక్క ఆకు తినే ఒక పెంకు పురుగును 1980లలో మెక్సికో నుంచి మన దేశానికి తెచ్చారు. వానాకాలంలో అది కనిపిస్తే చంపకండి.

చూశారా! తుంగకు ఎండిన నేల, వయ్యారిభామకు తడినేల. పని ఒకటే, అదను వేరు. అదను తప్పితే ఎంత కష్టపడ్డా కూలి డబ్బులు దండుగే.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు అమ్మానాన్నలకు చెబుదాం. పొలం ఉన్న పూర్వ విద్యార్థులు ముందు ఒక్క మడిలో చేసి చూడండి. మనం మాత్రం వానలు మొదలవగానే మన హాస్టల్ ఆవరణలోని వయ్యారిభామతో ప్రారంభిద్దాం.