డీజిల్ వ్యాన్‌లో పికప్ తగ్గడం: కారణం వెతికే క్రమం

ఇందుకూరుపేట, మైపాడు వైపు రొయ్యల చెరువుల దగ్గర ఐసు వేసి సరుకు నింపుకున్న వ్యాన్, నెల్లూరు చేరి జాతీయ రహదారి ఎక్కేసరికి లాగడం మానేసిందనుకోండి. డ్రైవరు చెప్పేది ఒకటే మాట: "పికప్ లేదు సార్." ఐసు కరిగేలోపు సరుకు ప్లాంటుకు చేరాలి. ఆ తొందరలో అవసరం లేకపోయినా ఇంజెక్టర్లు విప్పించి వేల రూపాయలు పోగొట్టుకున్నవారిని చూశాను. విడిభాగం మార్చకముందు ఏం చూడాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. 1 కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి. కాబట్టి శక్తి తగ్గితే చాలావరకు కారణం మూడింటిలో ఒకటి: గాలి చాలకపోవడం, డీజిల్ చాలకపోవడం, లేదా ఇంజను ఇచ్చిన శక్తి చక్రాలకు చేరేలోపు వృథా కావడం. బాగా తిరిగిన ఇంజనులో కంప్రెషన్ తగ్గడం కూడా ఉంటుంది గానీ, దాన్ని చివరికి ఉంచండి.

మూడోదానితో మొదలుపెట్టండి, ఖర్చు లేదు కనుక. పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. కొంతదూరం నడిపాక ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కితే అక్కడ బ్రేకు పట్టేసినట్టు. ఉప్పుగాలికి, సరుకు నుంచి కారే నీటికి బ్రేకు భాగాలు తొందరగా తుప్పుపడతాయి. తీరంలో ఈ అనుమానం ముందే రావాలి.

ఇక పొగ. బరువుతో వంతెన ఎక్కుతున్నప్పుడు వెనక వచ్చేవారిని చూడమనండి. నల్లపొగ వస్తే గాలి తక్కువైంది. ఎయిర్ ఫిల్టర్ చూసి, టర్బో నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు గొట్టాలను చేత్తో తడిమి చూడండి. గొట్టంలో చీలిక ఐడ్లింగ్‌లో తెలియదు; లోడు పడి ఒత్తిడి పెరిగితేనే నోరు తెరిచి బుస్సుమంటుంది. రెండుసార్లు ఇంజెక్టర్ల సర్వీసు చేయించినా బాగుపడని ఒక వ్యాన్‌లో, క్లాంపు కింద నూనె జిడ్డు తుడిస్తే వేలెడంత చీలిక బయటపడింది!

పొగ లేకుండా నీరసిస్తే డీజిల్ ఫిల్టర్ చూడాలి. తేమగాలి వల్ల సగం ఖాళీ టాంకులో నీరు చేరుతుంది. ఫిల్టర్ అడుగు మర తిప్పి ఆ నీటిని వదలాలి. అయితే కామన్ రెయిల్ ఇంజను నడుస్తుండగా ఇంజెక్టర్ పైపులు ఎప్పుడూ వదులు చేయకూడదు. 1,000 బార్‌కు మించిన ఒత్తిడిలో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగను నమ్ముకోలేం, మసిని పార్టికల్ ఫిల్టర్ పట్టేస్తుంది. చెరువుగట్టు మీద గంటలకొద్దీ ఇంజను ఆపకుండా నిలిపితే ఆ ఫిల్టర్ పూడుకుపోయి, కంప్యూటరే శక్తిని తగ్గిస్తుంది. స్కానర్ ఏదైనా సెన్సార్ పేరు చూపితే వెంటనే కొనకండి. ముందు దాని కనెక్టర్ ఊడదీసి, కిలుము పట్టిందేమో చూడండి. మన తీరంలో సెన్సార్ కన్నా కనెక్టరే ముందు చెడుతుందని నా అనుభవం.

అభ్యాసం: ఒక పాత వ్యాన్ ఖాళీగా బాగానే వెళ్తోంది. సరుకు ఎక్కిస్తే నల్లపొగ వదులుతూ లాగలేకపోతోంది. మీరు మొదట ఏది పరిశీలిస్తారు, ఏది ముట్టుకోరు? కారణాలతో రాయండి.