థాయ్‌లాండ్ వెళుతున్నారా? రెండు మాటలు నేర్చుకోండి!

“డాక్టరుగారూ! వచ్చే నెల మా అబ్బాయి మమ్మల్ని థాయ్‌లాండ్ తీసుకువెళుతున్నాడు. అక్కడ ఏం తినొచ్చు, ఏం తినకూడదు?”

మొన్న ఓ రిటైర్డు హెడ్మాస్టరుగారు రక్తపోటు చూపించుకోవడానికి వచ్చి ఈ ప్రశ్న వేశారు. ఈ మధ్య ఇలా అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. హైదరాబాదులో విమానమెక్కితే నాలుగు గంటలు తిరక్కుండానే బ్యాంకాక్‌లో దిగుతున్నారు మరి! వెళ్ళేవాళ్ళలో రెండు రకాలు. డబ్బాల నిండా పులిహోర, ఆవకాయ కట్టుకుపోయి అక్కడి తిండి ముట్టకుండా తిరిగొచ్చేవారు ఒక రకం. కనిపించిందల్లా నోట్లో వేసుకునేవారు రెండో రకం. మొదటివారు చక్కని భోజనం పోగొట్టుకుంటున్నారు. రెండోవారు ఒక్కోసారి ఆరోగ్యమే పోగొట్టుకుంటున్నారు. ఈ వ్యాసం ఇద్దరి కోసమూను.

ముందు ఒక సంగతి. థాయ్ భోజనం అంటే ఒక్కటే కాదు. మన దగ్గర సీమ రాగిసంకటి, గోదావరి పులస పులుసు, తెలంగాణ సర్వపిండి దేనికదే అయినట్టు, అక్కడ కూడా ఉత్తరం, ఈశాన్యం, మధ్యభాగం, దక్షిణం అని నాలుగు ప్రాంతాలకు నాలుగు రకాల వంటలు. ఏ వంట ఎక్కడిదో అక్కడ తింటేనే అసలు రుచి. ఆరోగ్యానికీ అదే మేలు. రోజంతా ఒకే వంటకం చేసే కొట్లో గిన్నె ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది. నిలవ సరుకు వుండదు.

ఉత్తరాన చియాంగ్ మాయ్

ఇక్కడ తినవలసింది ‘ఖావ్ సోయ్’. కొబ్బరిపాలు, మసాలా వేసిన పలచని కూరలో నూడుల్స్, కోడిమాంసం, పైన కరకరలాడేలా వేయించిన మరికొన్ని నూడుల్స్. పక్కన ఊరవేసిన ఆవ ఆకు, చిన్న ఉల్లిపాయలు, నిమ్మబద్ద. పింగ్ నది ఒడ్డున వున్న ఫా హామ్ వీధి కొట్లు దీనికి పేరుపడ్డాయి. పందిమాంసం ముట్టనివారికి బాన్ హా మసీదు దగ్గర సందులో ముస్లిముల కొట్లున్నాయి. వరోరోట్ బజారులో ‘నామ్ ఫ్రిక్ నుమ్’ అడగండి. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లిపాయ కాల్చి దంచిన పచ్చడి అది. మన రోటిపచ్చడికి సాక్షాత్తూ చెల్లెలు!

ఉత్తరాదిలోనే జాగ్రత్తపడవలసిన వంటకం ఒకటుంది. మాంసాన్ని సన్నగా తరిగి మసాలాలు కలిపేది ‘లాబ్’. దానినే వేయిస్తే ‘లాబ్ ఖువా’. అది నిక్షేపంగా తినొచ్చు. పచ్చిమాంసంతో చేస్తే ‘లాబ్ దిప్’. పంది పచ్చినెత్తురుతో చేసే ‘లూ’ కూడా వుంది. పచ్చి పందిమాంసం ద్వారా స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే సూక్ష్మజీవి మనిషికి సంక్రమిస్తుంది. జ్వరం, భరించరాని తలనొప్పి, మెడ బిగుసుకోవడం, అంటే మెనింజైటిస్. ప్రాణం దక్కినా చాలామందికి చెవుడు మిగిలిపోతుంది. ఒక పూట రుచికి అది చాలా ఎక్కువ ధర.

దక్షిణాన పుకెట్

2015లో యునెస్కో పుకెట్‌ను ఆహార నగరాల జాబితాలో చేర్చింది. మలయ్, చైనా, థాయ్ వంటలు మూడూ కలిసిన చోటు అది. పొద్దున్నే బియ్యప్పిండి సేమియాలాంటి ‘ఖనోమ్ చీన్’ మీద వేడి కూర పోసి, పచ్చి ఆకులతో తింటారు. ఆకులు శుభ్రంగా కడిగినట్టు నమ్మకం లేకపోతే వదిలేయండి. ‘కేంగ్ సోమ్’ అనే పసుపు వేసిన పుల్లని చేపల కూర మన పులుసును గుర్తుకు తెస్తుంది. కాని కారం మాత్రం గుంటూరును తలదన్నేది. కడుపులో పుండు, గుండెమంట వున్నవారు ముందే ‘మై ఫెట్’ అనండి. కారం వద్దు అని అర్థం.

మధ్యభాగాన ఫెచ్చబురి

ఇది కూడా 2021లో యునెస్కో జాబితాకెక్కింది. బ్యాంకాక్ నుంచి రెండు మూడు గంటల ప్రయాణం. వూరి చుట్టూ తాటిచెట్లే. తాటిబెల్లం, గుడ్లు, కొబ్బరిపాలతో చేసే ‘ఖనోమ్ మో కేంగ్’ ఇక్కడి ప్రసిద్ధ మిఠాయి. తాటిబెల్లమే కదా అని షుగరు వ్యాధి వున్నవారు మురిసిపోకండి. రక్తంలోకి చేరాక బెల్లమైనా పంచదారైనా ఒకటే. చిన్న ముక్క రుచి చూసి, మిగతాది మనవడికిచ్చేయండి.

అసలు సంగతి: ఈశాన్యం

థాయ్‌లాండ్ ఈశాన్య భాగాన్ని ఈసాన్ అంటారు. పేద రైతుల నేల. వారి వంటలు నేడు దేశమంతటా వ్యాపించాయి. బ్యాంకాక్‌లో ఏ వీధి మొగలో చూసినా ఈసాన్ కొట్టు కనిపిస్తుంది. పచ్చి బొప్పాయి తురుమును రోట్లో వేసి నిమ్మరసం, మిరపకాయ, వేరుశెనగపప్పులతో దంచే ‘సోమ్ తమ్’ వీరిదే. నిప్పులమీద కాల్చిన కోడి ‘కాయ్ యాంగ్’ తినాలంటే ఖోన్ కేన్ రాష్ట్రంలోని ఖావ్ సువన్ క్వాంగ్ వెళ్ళాలి. పొట్టలో నిమ్మగడ్డి కూరి, పైన ఉప్పు పట్టించి కాల్చే ‘ప్లా ఫావ్’కు వాడేది చాలాచోట్ల మన కొర్రమీనే!

కొన్నేళ్ళ క్రితం వైద్యుల సమావేశానికి ఖోన్ కేన్ వెళ్ళాను. అక్కడి డాక్టరొకాయన రాత్రి భోజనానికి తీసుకువెళ్ళాడు. పక్కబల్ల మీద పళ్ళెంలో ఏదో తెల్లగా, ఘుమఘుమలాడుతూ కనిపించింది. ఏమిటని అడిగాను. “కోయ్ ప్లా. అది మాత్రం అడక్కండి. మా నాన్నగారు అది తినే పోయారు” అన్నాడు.

చిన్న చిన్న పచ్చిచేపలను తరిగి నిమ్మరసం, మిరపపొడి, వేయించిన బియ్యప్పొడి కలిపితే కోయ్ ప్లా. ఈ చేపలు మన చెరువుల్లోని పరిగెల కుటుంబానికి చెందినవి. వీటి కండలో కంటికి కనిపించని పురుగు పిల్లలుంటాయి. చేపతోపాటు మన కడుపులోకి చేరి, కాలేయంలోని పైత్యనాళాల్లో కాపురం పెడతాయి. అక్కడే పదేళ్ళకు పైగా కూడా బతకగలవు. వాటి గుడ్లు మలంలో బయటపడి, నీళ్ళలోని నత్తల్లో పెరిగి, మళ్ళీ చేపల్లోకి చేరతాయి. దీనిని లివర్ ఫ్లూక్ అంటారు.

మొదట్లో నొప్పి వుండదు, జ్వరం వుండదు. అందుకే ఎవరూ డాక్టరు దగ్గరికి రారు. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ తినేవారిలో నాళాలు వాచి, చివరకు పైత్యనాళపు కాన్సర్ పుడుతుంది. కామెర్లు కనిపించేసరికి తరచు ఆపరేషనుకు అందని దశ. ప్రపంచంలో ఈ కాన్సర్ అత్యధికంగా వున్న ప్రాంతాల్లో ఖోన్ కేన్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధనా విభాగం 1994లో ఈ పురుగును కాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన వాటిలో చేర్చింది.

“నిమ్మరసం పోశారుగా, ఉడికినట్టే కదా?” అని మీరనవచ్చు. అక్కడి రైతులూ అలాగే అనుకున్నారు. నిమ్మరసానికి చేప తెల్లబడుతుంది గాని పురుగు చావదు. మిరపకారానికీ చావదు, సారాకూ చావదు. నిప్పుకు చస్తుంది.

భయపడకండి. ఒకసారి తిన్నంతమాత్రాన కాన్సర్ రాదు. కాని పురుగు చేరవచ్చు. పొరపాటున తినివుంటే తిరిగి వచ్చిన నెల రెండు నెలలకు మీ డాక్టరుకు చెప్పి మలపరీక్ష చేయించుకోండి. ప్రాజిక్వాంటెల్ అనే మంచి మందు వుంది. సొంతంగా కొని మింగవద్దు. మందుంది కదా అని మళ్ళీ పచ్చిచేప తినవద్దు.

ప్రయాణికులకు సలహాలు

1. రెండు మాటలు బట్టీపట్టండి. ‘దిప్’ అంటే పచ్చిది. ‘సుక్’ అంటే ఉడికినది. మన ఉచ్చారణ వారికి అర్థం కాకపోతే, హోటలు గుమాస్తా చేత థాయ్ లిపిలో చీటీ మీద రాయించుకుని చూపించండి.

2. సోమ్ తమ్‌లో రకాలున్నాయి. ‘సోమ్ తమ్ థాయ్’ అడగండి. పచ్చిపీత వేసినది వద్దు. ‘ప్లా రా’ అనే ఊరవేసిన చేపల రసాన్ని మరగకాచి వాడితేనే తినండి. వేరుశెనగ పడనివారు ముందే చెప్పాలి.

3. రక్తపోటు వున్నవారికి అసలు శత్రువు ‘నామ్ ప్లా’ అనే చేపల ఊట. ఒక పెద్ద చెంచాడులో 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాముల సోడియం వుంటుంది. రోజుకు 2,000 మించరాదు. బల్లమీది సీసా జోలికి పోవద్దు.

4. శాకాహారులారా! కూరగాయల కూరలో కూడా చేపల ఊట, రొయ్యల ముద్ద వుంటాయి. పసుపు పచ్చని జెండా మీద ఎర్ర అక్షరాలున్న ‘జే’ కొట్లు వెతకండి. అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడరు. ఉల్లి, వెల్లుల్లి కూడా వుండవు.

5. మీ కళ్ళముందు వండి, పొగలు కక్కుతూ పెట్టినది తినండి. సీసా నీళ్ళే తాగండి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు పెట్టెలో వేసుకోండి.

6. తిరిగి వచ్చాక జ్వరం గాని, తలనొప్పి గాని వస్తే, ఎక్కడికి వెళ్ళారో, ఏం తిన్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

మా హెడ్మాస్టరుగారు దిప్, సుక్ రెండూ డైరీలో రాసుకుని వెళ్ళారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. థాయ్‌లాండ్‌లో అడగకుండానే పెడతారు. మీరే అడిగి తినాలి!